చెక్ ఇంజిన్ లైటు వెనక: ఇంటి ఓబీడీ రీడరు ఎక్కడ పలుకుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది

క్లుప్తంగా: ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు. కారు ఈసీయూ (బండిని నడిపించే చిన్న కంప్యూటరు) నుంచి ఆ సమాచారం రాబట్టే రీడరును వెయ్యి రూపాయలకు అటూఇటూగా ఇంట్లోనే కట్టుకోవచ్చు. అందులో ప్రోగ్రాము రాయడం తేలికైన వంతు. ఎక్కువ రీడర్లు ఆగిపోయేది వైరు దగ్గర: కరెంటు సరఫరా, అదనపు టెర్మినేషన్ (తీగ కొసల్లో ఉండాల్సిన రెసిస్టర్లు ఎక్కువవడం), కే-లైన్ (పాత ఒంటితీగ పద్ధతి) టైమింగు. రీడరు పనిచేయడం మొదలెట్టాక ఎదురయ్యే చిక్కు వేరు. కోడు కనబడగానే పార్టు మార్చేయడం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డ్యాష్‌బోర్డు మీద పసుపు ఇంజిన్ గుర్తు వెలిగితే సాధారణంగా జరిగేది ఒకటే. బండిని దగ్గర్లోని షెడ్డుకు తీసుకెళ్తారు. స్కానర్ ఉంటే పెట్టి చూసి కోడు చెరిపేస్తారు. లేకపోతే బ్యాటరీ ఎర్త్ వైరు పీకి, పది నిమిషాలు ఆగి బిగిస్తారు. రెండు పద్ధతుల్లోనూ లైటు ఆరుతుంది, వారం తిరక్కుండా మళ్ళీ వెలుగుతుంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్ళు ఆ లైటు కోసం కంపెనీ సర్వీస్ సెంటరు దాకా రావాలంటే ఒక రోజు పని పోయినట్టే.

చవక బ్లూటూత్ అడాప్టర్లకూ, ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో సొంతంగా కట్టుకునే రీడర్లకూ గిరాకీ వచ్చింది ఇందుకే. ఇంజినీరింగ్ విద్యార్థుల మినీ ప్రాజెక్టుల్లోనూ ఇదొక మామూలు అంశమైంది. బల్ల మీద చక్కగా నడిచిన రీడరు బండికి తగిలించగానే మూగబోవడం కూడా అంతే మామూలు. దానికి కారణాలు ఎక్కువ లేవు, అవి కూడా ఒక వరుసలో వస్తాయి.

ఈ వ్యాసంలో ఈసీయూ బైట్లన్నీ పదహారు ఆధారంగా రాసిన సంఖ్యలు. వాటిలో 10 నుంచి 15 వరకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అక్షరాలు నిలుస్తాయి.

## ఏ బండి ఏ భాష మాట్లాడుతుంది

అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి. అక్కడ 2008 మోడళ్ళ నుంచి క్యాన్ (బండిలోని కంప్యూటర్లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) ఒక్కటే ప్రమాణం. అందుకే విదేశీ పాఠాలు చాలావరకు క్యాన్ దగ్గర మొదలై క్యాన్ దగ్గరే ముగుస్తాయి. మన దేశంలో కథ వేరు. నాలుగు చక్రాల బండ్లకు ఓబీడీ-1 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుంచి వచ్చాయి, అదీ బీఎస్4 కాలుష్య నిబంధనలతో ముడిపడి. ఆ బీఎస్4 మొదట హైదరాబాద్ సహా 13 నగరాలకే పరిమితం. దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్ 1న. బీఎస్6 2020 ఏప్రిల్ 1న వచ్చింది.

దీని ఫలితం సెకండ్‌హ్యాండ్ బజారులో కనిపిస్తుంది. ఏపీ 30, ఏపీ 35 నంబర్లతో తిరిగే 2014 నాటి కారుకూ, అదే ఏడాది హైదరాబాద్‌లో రిజిస్టరై ఇక్కడికి వచ్చిన అదే మోడలు కారుకూ లోపలి ఈసీయూ ఒకటే కాకపోవచ్చు. కాబట్టి మోడలు పేరు, సంవత్సరం చూసి సర్క్యూటు నిర్ణయించకూడదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్టునే చూడాలి.

ఆ సాకెట్టులో 16వ పిన్ను బ్యాటరీ ప్లస్. కీ తీసేసినా అక్కడ కరెంటు ఉంటుంది. 4 బాడీ ఎర్త్, 5 సిగ్నల్ ఎర్త్. 6, 14 పిన్నుల్లో లోహపు తాకుళ్ళు కనబడితే క్యాన్ ఉండే అవకాశం ఎక్కువ: 6 క్యాన్-హై, 14 క్యాన్-లో. 7లో తాకుడు ఉంటే కే-లైన్. 15లో ఎల్-లైన్ ఉండొచ్చు, దాని అవసరం అరుదు. 2, 10 పిన్నులు పాత అమెరికన్ పద్ధతికి చెందినవి, మన బండ్లలో వాటి జోలికి పోనక్కర్లేదు. రెండు రకాల పిన్నులూ ఉంటే ముందు క్యాన్, జవాబు రాకపోతే కే-లైన్. మిగతా పిన్నులను తయారీదారులు సొంత పనులకు వాడుకుంటారు. వాటికి వైరు కలపకపోవడమే క్షేమం.

## మల్టీమీటరు చెప్పే నాలుగు మాటలు

మొదట కీ ఆఫ్‌లో 16కీ 4కీ మధ్య వోల్టేజి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అయితే 12.4 నుంచి 12.7 దాకా చూపిస్తుంది. ఏమీ లేకపోతే ఫ్యూజు పోయినట్టు. చాలా బండ్లలో ఈ సాకెట్టుకూ సిగరెట్ లైటరుకూ లేదా లోపలి లైటుకూ ఒకటే ఫ్యూజు. ఫోన్ చార్జరు షార్టయి ఆ ఫ్యూజు పోయాక, స్కానర్ పెడితే ‘ఈసీయూ పోయింది’ అన్న మాట వినాల్సి వస్తుంది.

రెండోది 16–5. మొదటి కొలతకు దీనికి తేడా ఉండకూడదు. ఉద్దానం కొబ్బరితోటల్లో, భోగాపురం, పూసపాటిరేగ తీరంలో ఉప్పుగాలికి ఎర్త్ పట్టీల దగ్గర తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆ తేడా సగం వోల్టు దాటితే రీడరు సంగతి పక్కనబెట్టి ముందు ఎర్త్ శుభ్రం చేయాలి. సెన్సర్ల రీడింగులు కూడా దానివల్లే తప్పుతూ ఉండొచ్చు.

మూడోది 6–14 మధ్య రెసిస్టెన్సు. కీ తీసి, ఈసీయూలు నిద్రపోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి కొలవాలి. క్యాన్ వైరుకు రెండు కొసల్లోనూ 120 ఓములు ఉంటాయి కాబట్టి 60 దగ్గర చూపించాలి. 120 వస్తే ఒక కొస తెగిందన్నమాట. గేట్‌వే (సాకెట్టుకూ లోపలి తీగలకూ మధ్య నిలబడే కంప్యూటరు) ఉన్న కొత్త బండ్లలో సాకెట్టు వైపు తీగ వేరుగా ఉంటుంది గనుక అక్కడ 120 రావడం లోపం కాకపోవచ్చు. 40 వస్తే ఇంకెవరో మూడో రెసిస్టరు తగిలించారు. సున్నా దగ్గరైతే షార్టు.

నాలుగోది కీ ఆన్‌లో 6, 14 పిన్నుల వోల్టేజి. మీటరు సగటు చూపిస్తుంది గనుక 6 మీద 2.5 కంటే కొంచెం ఎక్కువ, 14 మీద కొంచెం తక్కువ రావాలి. రెండూ సరిగ్గా 2.5 వద్ద కదలకుండా ఉంటే ఆ తీగ మీద ఎవరూ మాట్లాడటం లేదు.

ప్లగ్గు సోల్డరింగులో ఒక అద్దం మాయ ఉంది. బొమ్మల్లో చూపించేది ఎక్కువగా కారు సాకెట్టు ముఖం. చేతిలో ఉన్నది మగ ప్లగ్గు, అందులోనూ వైరు అంటించేది వెనక వైపు. ఎడమ కుడి తారుమారవుతాయి. 6, 14 తిరగబడితే జవాబు రాదు, అంతే. కానీ 16వ పిన్నును ఎర్త్‌గా లెక్కపెట్టి సోల్డరు చేస్తే బోర్డు మిగలదు. ప్లగ్గు ఒళ్ళంతా చిన్న అంకెలు అచ్చుపోసి ఉంటాయి. టార్చి వేసి వాటినే చదవాలి, బొమ్మను కాదు.

## క్యాన్ రీడరు

ఈఎస్పీ32 చిప్పులోనే క్యాన్ కంట్రోలరు ఉంది. ఎస్పెసిఫ్ కంపెనీ దాన్ని ట్వాయ్ అని పిలుస్తుంది. దానికి కావలసింది బోర్డు సిగ్నల్‌ను క్యాన్ తీగలకు తగ్గట్టు మార్చే ట్రాన్సీవర్ ఒక్కటే: 3.3 వోల్టుల మీద నడిచే ఎస్ఎన్65హెచ్‌వీడీ230 మాడ్యూలు. బోర్డు నుంచి రెండు తీగలు, ట్రాన్సీవర్ నుంచి ప్లగ్గు 6, 14కు మెలిపెట్టిన రెండు తీగలు. ఈ మెలిక తీగ మీటరు దాటకపోతే మంచిది.

ఆర్డ్యూనో నానో వాడేవారికి ఎంసీపీ2515 మాడ్యూలు దారి. అది 5 వోల్టులది, నానోకు సరిపోతుంది. ఈఎస్పీ32కు నేరుగా కలిపితే 3.3 వోల్టుల పిన్ను మీదకు 5 వోల్టులు వస్తాయి. కొన్నాళ్ళు నడిచి ఒకరోజు ఆగిపోయే బోర్డుల వెనక తరచుగా ఇదే ఉంటుంది.

ఈ మాడ్యూళ్ళతో రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. ఒకటి, బోర్డు మీదే వచ్చే 120 ఓముల రెసిస్టరు. ఎంసీపీ2515 మాడ్యూలు మీద దానికి జంపరు ఉంటుంది, తీసేస్తే చాలు. ఎస్ఎన్65హెచ్‌వీడీ230 మాడ్యూళ్ళ మీద చాలావరకు దాన్ని సోల్డరు చేసేసి ఉంటారు. 121 అని రాసి ఉన్న ఆ చిన్న రెసిస్టరును వేడిచేసి పీకాలి. బండికి ఇప్పటికే రెండు ఉన్నాయి. మూడోది చేరితే మొత్తం 40 ఓములకు పడి సిగ్నల్ ఎత్తు తగ్గుతుంది. కొన్ని బండ్లు సహిస్తాయి, కొన్ని సహించవు. పక్కింటి కారులో నడిచిన రీడరు మనదాంట్లో నడవకపోవడానికి ఇదొక కారణం.

రెండోది క్రిస్టల్. నీలం రంగు ఎంసీపీ2515 మాడ్యూళ్ళ మీద ఎక్కువగా 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. లైబ్రరీల ఉదాహరణ ప్రోగ్రాములు 16 అనుకుంటాయి. 500 కిలోబిట్లు అని రాసినా నిజానికి 250 వేగంతో పోతుంది. ఇది జవాబు రాకపోవడంతో ఆగదు. తప్పు వేగంతో ఉన్న యంత్రం మిగతావాళ్ళ ప్రతి సందేశాన్నీ తప్పుగా అర్థం చేసుకుని మధ్యలో ఎర్రర్ ఫ్రేములు దూరుస్తుంది. ఏబీఎస్, పవర్ స్టీరింగ్ లైట్లు ఒక్కసారిగా వెలిగాయంటే కంగారు దానివల్లే. కాబట్టి మొదటిసారి తగిలించేటప్పుడు వినడానికే పరిమితమైన మోడ్‌లో పెట్టాలి. ఈఎస్పీ32కూ, ఎంసీపీ2515కూ ఆ సౌకర్యం ఉంది. ఇంజిన్ ఆఫ్, కీ ఆన్. బండి నిలబెట్టి ఉండాలి. గేట్‌వే లేని బండి అయితే సందేశాలు ధారాళంగా కనిపిస్తాయి, అంటే వేగం సరైనదే. గేట్‌వే ఉంటే అడిగేదాకా నిశ్శబ్దమే.

అడిగే పద్ధతి సులువు. 7డిఎఫ్ అనే గుర్తింపు సంఖ్యతో ఎనిమిది బైట్లు పంపాలి: 02 01 0సి, ఆ తర్వాత ఐదు సున్నాలు. 02 అంటే వెనక రెండు పనికొచ్చే బైట్లున్నాయని, 01 అంటే ప్రస్తుత విలువ కావాలని, 0సి అంటే ఇంజిన్ ఆర్పీఎం. ఇంజిన్ ఈసీయూ 7ఇ8 సంఖ్యతో, సాధారణంగా 50 మిల్లీసెకన్లలోపే జవాబిస్తుంది: 04 41 0సి 0సి 80. చివరి రెండు బైట్లు 12, 128. 12ను 256తో గుణించి 128 కలిపితే 3200, నాలుగుతో భాగిస్తే 800 ఆర్పీఎం. ఐడిలింగ్‌లో ఉన్న బండికి సరిపోయే అంకె.

7డిఎఫ్‌కు జవాబు రాకపోతే 29 బిట్ల గుర్తింపు ప్రయత్నించాలి: 18డిబి33ఎఫ్1. కొన్ని హోండా మోడళ్ళు ఈ పద్ధతి వాడతాయి.

బల్ల మీద పరీక్షించేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. క్యాన్‌లో పంపిన ప్రతి సందేశాన్నీ ఇంకొకరు అందుకున్నట్టు సైగ చేయాలి. ఒంటరి బోర్డు అదే సందేశాన్ని ఆగకుండా పంపుతూనే ఉంటుంది, ఎర్రర్లు చూపిస్తుంది. అది బోర్డు తప్పు కాదు. బల్ల మీద కనీసం రెండు బోర్డులు, రెండు 120 ఓముల రెసిస్టర్లు ఉండాలి. బండిలోకి తీసుకెళ్ళేటప్పుడు ఆ రెసిస్టర్లు తీసేయాలి. బల్ల మీద నడిచి బండిలో ఆగిన రీడర్లలో ఈ రెండో పని మరిచినవే ఎక్కువ.

## కే-లైన్: ఓపిక పరీక్ష

క్యాన్ తలుపు తడితే తెరుచుకుంటుంది. కే-లైన్‌కు తలుపు తట్టే పద్ధతి కూడా నిర్ణయించే ఉంది. ఒకే తీగ, 12 వోల్టుల సిగ్నల్, సెకనుకు 10,400 బిట్లు. ఖాళీగా ఉన్నప్పుడు తీగ బ్యాటరీ వోల్టేజి దగ్గర ఉంటుంది, మాట్లాడేవాడు దాన్ని ఎర్త్‌కు లాగుతాడు.

ఎల్9637డి అనే ఎనిమిది కాళ్ళ చిప్పు ఈ పనికే పుట్టింది. దానితో పాటు కే-లైన్‌కూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య 510 ఓముల పుల్-అప్ (ఖాళీ తీగను పైకి పట్టి ఉంచే రెసిస్టరు) పెట్టాలి. తీగ కిందికి లాగినప్పుడు 14 వోల్టుల దగ్గర ఆ రెసిస్టరు 0.38 వాట్లు తింటుంది. పెట్టెలో దొరికే పావు వాటుది కాకుండా అర వాటుది వాడాలి.

చిప్పు దొరక్క బీసీ547 ట్రాన్సిస్టరుతో కట్టేవారూ ఉన్నారు. అది నడుస్తుంది, కానీ సిగ్నల్‌ను తలకిందులు చేస్తుంది. సీరియల్ పోర్టు ఖాళీగా ఉన్నప్పుడు దాని పిన్ను హైలో ఉంటుంది. ట్రాన్సిస్టరు ఆ హైని చూసి కే-లైన్‌ను ఎర్త్‌కు లాగి పట్టుకుంటుంది. ఇక ఈసీయూకు ఎప్పటికీ ఏమీ వినబడదు. ఈఎస్పీ32 సీరియల్ పోర్టులో సిగ్నల్ తిప్పే సెట్టింగ్ ఉంది. అది పంపే పిన్నుకు మాత్రమే కావాలి. అందుకునే వైపు 33 కిలో ఓములు, 10 కిలో ఓముల విభజన పెడితే 14.4 వోల్టులు 3.35కు దిగుతాయి, పక్కన 3.3 వోల్టుల జీనర్ ఉంటే నిశ్చింత.

పలకరింపు రెండు రకాలు. నెమ్మది పద్ధతిలో 33 అనే చిరునామాను సెకనుకు 5 బిట్ల వేగంతో పంపాలి. ఒక్కో బిట్టుకు 200 మిల్లీసెకన్లు. సీరియల్ పోర్టుతో ఇంత నెమ్మదిగా పంపడం కుదరదు గనుక పిన్నును చేత్తో ఆడించినట్టు ఆడించాలి: 200 లో, 400 హై, 400 లో, 400 హై, 400 లో, చివర 200 హై. మొత్తం రెండు సెకన్లు. ఆ వెంటనే సీరియల్ పోర్టును 10,400కు మార్చి వినాలి. ఈసీయూ 55 పంపుతుంది, వెనకే రెండు కీ బైట్లు, ఉదాహరణకు 08 08. రెండో కీ బైటును తిరగేసి, అంటే ఎఫ్7గా, 25 నుంచి 50 మిల్లీసెకన్ల మధ్య పంపాలి. అంతకుముందు పంపినా, తర్వాత పంపినా ఈసీయూ ముఖం తిప్పుకుంటుంది. సరిగ్గా వెళ్తే సిసి అని జవాబు వస్తుంది. అది 33కు తిరగేసిన రూపం.

ఎక్కువ ప్రాజెక్టులు పడిపోయే చోటు ఈ 25 మిల్లీసెకన్ల కిటికీ. 55 వచ్చింది, 08 వచ్చింది అని తెర మీద రాయించుకుంటూ పోయే ప్రోగ్రాము ఆ రాతల్లోనే కాలం ఖర్చుపెట్టేస్తుంది. పలకరింపు పూర్తయ్యేదాకా తెర మీద ఏమీ రాయకుండా బైట్లన్నీ జ్ఞాపకంలో పెట్టుకుని, తర్వాత చూపించాలి.

వేగం పద్ధతి కేడబ్ల్యూపీ (కే-లైన్ మీదే నడిచే, ఐఎస్ఓ 9141 తర్వాతి పద్ధతి) బండ్లకు: 25 మిల్లీసెకన్లు లో, 25 హై, వెంటనే సి1 33 ఎఫ్1 81 66. ఈ చివరి 66 మిగతా నాలుగింటి కూడిక. రెండు పద్ధతుల్లోనూ పలకరింపు మొదలెట్టే ముందు తీగ కనీసం 300 మిల్లీసెకన్లు ఖాళీగా ఉండాలి. ఒకసారి విఫలమైతే ఐదు సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. ఆ ఐదు సెకన్లలో ఈసీయూ పాత సంభాషణను వదిలేస్తుంది. ఆగకుండా వరసగా తడుతూ పోతే ఎప్పటికీ కుదరదు.

ఇంకో చిన్న ఉచ్చు: ఒకే తీగ గనుక మనం పంపిన బైట్లు మనకే తిరిగి వినబడతాయి. ఎన్ని పంపామో అన్ని చదివి పారేయాలి. లేకపోతే మన ప్రశ్ననే ఈసీయూ జవాబు అనుకుంటాం.

పలకరింపు కుదిరాక ఆర్పీఎం అడగడానికి పాత ఐఎస్ఓ 9141 బండ్లకు 68 6ఏ ఎఫ్1 01 0సి డి0, కేడబ్ల్యూపీ బండ్లకు సి2 33 ఎఫ్1 01 0సి ఎఫ్3. పంపే బైట్ల మధ్య 5 మిల్లీసెకన్ల ఎడం, జవాబుకూ తర్వాతి ప్రశ్నకూ మధ్య 55 మిల్లీసెకన్లు ఆగాలి. ఇవన్నీ కలిపితే సెకనుకు ఐదారు రీడింగులకు మించి రావు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గ్రాఫు మెట్లుమెట్లుగా కనిపించడం రీడరు లోపం కాదు. అలాగని ఊరుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది: ఐదు సెకన్లు ఏమీ అడగకపోతే సంభాషణ తెగిపోతుంది.

## కరెంటు సరఫరా

బండి బ్యాటరీ 12 వోల్టులు అనేది మాట వరసకే. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4. సెల్ఫ్ కొట్టినప్పుడు 9కి, పాత బ్యాటరీ అయితే ఇంకా కిందికి పడుతుంది. ఆల్టర్నేటర్ చార్జింగులో ఉండగా బ్యాటరీ క్లిప్పు ఊడితే క్షణకాలం పాటు పదుల వోల్టులు ఎగుస్తాయి.

పాఠ్యపుస్తకపు 7805 రెగ్యులేటరు ఇక్కడ తగదు. 14 వోల్టుల నుంచి 5కు దించుతూ 150 మిల్లీ ఆంపియర్లు ఇస్తే 1.35 వాట్ల వేడి. హీట్‌సింకు లేకుండా చుట్టూ ఉన్న గాలి కంటే 80 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. రోహిణీ కార్తె ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో ఆ గాలే కాలిపోతూ ఉంటుంది. తక్కువ వేడితో వోల్టేజి దించే ఎల్ఎం2596 బక్ మాడ్యూలు సరైన ఎంపిక. అయితే దాని మీది స్క్రూ ఏ వోల్టేజి దగ్గర ఉండి వస్తుందో నమ్మకం లేదు. ఈఎస్పీ32 కలిపే ముందే మీటరు పెట్టి 5కు తిప్పుకోవాలి. ఈ ఒక్క అడుగు దాటేసి కాల్చిన బోర్డులకు లెక్కలేదు.

16వ పిన్ను నుంచి వరస ఇలా ఉంటే చాలు: 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత ఎర్త్‌కు ఎస్ఎంబీజే24ఏ రక్షణ డయోడు, ఆపైన తిరగబడ్డ కరెంటును ఆపే 1ఎన్4007, 50 వోల్టుల 470 మైక్రోఫారడ్ కెపాసిటరు, అప్పుడు బక్ మాడ్యూలు. రక్షణ డయోడు 39 వోల్టుల దగ్గర పట్టి ఆపుతుంది, ఎల్ఎం2596 పరిమితి 40. మాడ్యూలు మీద చాలాసార్లు 35 వోల్టుల కెపాసిటరే ఉంటుంది, దాన్ని 50 వోల్టులదానితో మార్చుకోవడం మంచిది. సెల్ఫ్ కొట్టినప్పుడు రీడరు రీసెట్ అవుతుంటే ఈ 470 మైక్రోఫారడ్లను రెట్టింపు చేయాలి. వైఫై ఆన్ అయినప్పుడే రీసెట్ అవుతుంటే ఈఎస్పీ32 దగ్గర 5 వోల్టుల వైపు ఇంకో 470 పెట్టాలి, ఎందుకంటే వైఫై పంపే క్షణంలో అది అర ఆంపియరు దాకా లాగగలదు.

ఇక నెమ్మదిగా చేసే నష్టం. 16వ పిన్ను ఎప్పుడూ ఆన్. 12 వోల్టుల వైపు 50 మిల్లీ ఆంపియర్లు తాగే రీడరును వదిలేస్తే రోజుకు 1.2 ఆంపియర్-గంటలు. చిన్న కారు 35 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు వారాల్లో సగానికి వస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చి, బండి పెట్టేసి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి సెల్ఫ్ టక్‌మని ఆగుతుంది. చిన్న స్విచ్చు పెట్టడం అన్నిటికంటే తేలిక. లేదంటే బ్యాటరీ వోల్టేజిని రీడరే కొలుచుకుని, ఐదు నిమిషాలపాటు 13 కంటే తక్కువ ఉంటే నిద్రలోకి పోయేట్టు రాయాలి.

## అంకెలు తప్పు చదివితే

సూత్రాలు చిన్నవే. 05 కూలెంట్ ఉష్ణోగ్రత: వచ్చిన అంకెలోంచి 40 తీసేయాలి, 130 వస్తే 90 డిగ్రీలు. 0డి వేగం, నేరుగా కిలోమీటర్లలో. 42 ఈసీయూకు అందే వోల్టేజి, వెయ్యితో భాగించాలి. 06, 07 ఇంధన సవరణలు, అంటే ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో: 128 తీసేసి, 100తో గుణించి, 128తో భాగించాలి. ముందుగా 00 అడిగితే ఆ బండి ఏయే విలువలు ఇస్తుందో 32 బిట్ల జాబితా వస్తుంది. లేని విలువను అడిగి ‘సెన్సర్ పనిచేయడం లేదు’ అనుకోకూడదు.

నిజమైన ప్రమాదం కోడులు చదవడంలో ఉంది. 03 పంపితే నిల్వ ఉన్న కోడులు వస్తాయి. ఒక్కో కోడుకు రెండు బైట్లు. మొదటి రెండు బిట్లు అక్షరాన్ని చెబుతాయి: ఇంజిన్‌కు పి, చాసిస్‌కు సి, బాడీకి బి, నెట్‌వర్కుకు యు. 01 71 అంటే పి0171. ఇంతవరకు రెండు ప్రోటోకాళ్ళకూ ఒకటే. అయితే క్యాన్ జవాబులో 43 తర్వాత ఎన్ని కోడులున్నాయో చెప్పే బైటు ఒకటి వస్తుంది. కే-లైన్‌లో ఆ బైటు లేదు.

కే-లైన్‌కు రాసిన ప్రోగ్రామును క్యాన్‌కు అలాగే వాడితే ఏం జరుగుతుందో చూడాలి. బండి పంపింది 04 43 01 01 71. అసలు అర్థం: ఒక కోడు, పి0171, మిశ్రమం పల్చనైంది, అంటే గాలికి తగ్గ ఇంధనం లేదు. పాత ప్రోగ్రాము లెక్క బైటును కూడా కోడులో కలిపేసుకుని 01 01, 71 00 అని విడగొడుతుంది. తెర మీద పి0101, సి3100 కనిపిస్తాయి. పి0101 నిజంగా ఉన్న కోడే: గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ లోపం. ఎవరికీ అనుమానం రాదు. వేలు పోసి కొత్త సెన్సర్ వేస్తారు, లైటు మళ్ళీ వెలుగుతుంది. 01తో అడిగిన 01వ పీఐడీ (అడిగే విలువ సంఖ్య) మొదటి బైటులో కోడుల సంఖ్య ఉంటుంది. తెర మీద కనిపించిన కోడుల లెక్క దానితో సరిపోతోందా అన్నది ప్రతిసారీ చూసుకుంటే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

కోడులు రెండు దాటితే క్యాన్‌లో ఒక ఫ్రేములో పట్టవు. 17 అక్షరాల చాసిస్ నంబరూ అంతే. మొదటి ఫ్రేము 10తో మొదలవుతుంది. అది అందగానే 7ఇ0 సంఖ్యతో 30 00 00 పంపాలి, అప్పుడే మిగతావి 21, 22గా వస్తాయి. పంపకపోతే జవాబు మొదటి ముక్కతోనే ఆగిపోతుంది.

## కోడు చెప్పేది ఎంత

పి0171 వచ్చిందంటే ఈసీయూ ఇంధనాన్ని పెంచుతూ పెంచుతూ తన హద్దుకు చేరిందని అర్థం. సాధారణంగా ఆ హద్దు 20–25 శాతం దగ్గర. ఎందుకు పెంచాల్సి వచ్చిందో కోడు చెప్పదు. దానికి 06, 07 విలువలను రెండు స్థితుల్లో చూడాలి. ఐడిలింగ్‌లో ప్లస్ 25 ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర 5కు దిగితే ఎక్కడో గాలి లీకు: ఇన్‌టేక్ రబ్బరు గొట్టం పగిలిందో, వ్యాక్యూమ్ పైపు ఊడిందో. చిన్న కన్నం ప్రభావం తక్కువ గాలి పీల్చేటప్పుడే ఎక్కువ కనిపిస్తుంది. అందుకు తలకిందులుగా ఐడిలింగ్‌లో బాగుండి, వేగం పెంచినకొద్దీ ప్లస్ పెరుగుతుంటే ఇంధనం చాలడం లేదు: ఫిల్టరు, పంపు చూడాలి. ఆక్సిజన్ సెన్సర్ మార్చడం రెండింటికీ జవాబు కాదు, షెడ్డుల్లో మొదట మారేది మాత్రం అదే.

కూలెంట్ ఉష్ణోగ్రత మైనస్ 40 చూపిస్తే లెక్క ఇంకా తేలిక. ఈ జిల్లాల్లో ఏ కాలంలోనూ ఆ చలి ఉండదు. అంకె సున్నా వచ్చిందంటే సెన్సర్ తీగ తెగింది, లేదా కనెక్టరు ఊడింది. ఎలుకలు కొరికిన తీగ ఇలాగే కనబడుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో తెల్లవారుజామున కూలెంట్, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటే ఉండాలి. పది డిగ్రీల తేడా ఉంటే రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది.

04 పంపితే కోడులు చెరిగిపోతాయి. వాటితోపాటు లోపం వచ్చిన క్షణంలోని వేగం, ఉష్ణోగ్రత, లోడు దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేము కూడా పోతుంది. బ్యాటరీ వైరు పీకడం కూడా చాలా బండ్లలో ఇదే పని చేస్తుంది. చెరిపే ముందు 02తో ఆ ఫ్రేమును చదివి కాగితం మీద రాసుకోవాలి. ఇంటి రీడరులో 04 బటన్ అసలు పెట్టకపోయినా నష్టం లేదు.

## కొన్నదానికీ కట్టినదానికీ తేడా

బజారులో దొరికే చవక అడాప్టర్లు దాదాపు అన్నీ కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్ఎం327 చిప్పుకు నకళ్ళు. ఆ కంపెనీ 2022లో మూతపడింది. నకళ్ళు మాత్రం ఆగలేదు. వాటి మీద రాసే 1.5 వెర్షన్‌ను అసలు కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు. క్యాన్ బండ్లకు ఇవి చాలావరకు పనిచేస్తాయి. తేడా పాత కే-లైన్ బండ్ల దగ్గర వస్తుంది: కొన్ని నకళ్ళలో ఆ సర్క్యూటే ఉండదు, అయినా ఆప్‌లో ‘కనెక్ట్ కాలేదు’ అన్న ఒక్క మాటే వస్తుంది. తప్పు బండిదో అడాప్టరుదో తేలదు.

ఒక్క కోడు చూసుకోవడానికైతే ఇంటి రీడరు కట్టే శ్రమ దండగ. కే-లైన్ బండి ఉన్నప్పుడు, రోజుల తరబడి రీడింగులు మెమరీ కార్డులోకి ఎక్కించాలన్నప్పుడు, ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే లోపాన్ని పట్టాలన్నప్పుడు మాత్రం దానికి సాటి లేదు. ఏ ఇంటి రీడరైనా ఈ ప్రామాణిక పద్ధతులతో చూపించేది కాలుష్యానికి సంబంధించిన ఇంజిన్ సమాచారమే. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ వివరాలకు తయారీదారు సొంత ఆదేశాలు కావాలి. వాటిని ఊహించి పంపడం ప్రమాదం.

## లారీకి తగిలించకూడదు

ఈ రీడరు పనిచేయడం చూశాక సహజంగా వచ్చే ప్రశ్న: సాలూరు లారీలకు పెట్టొచ్చా? 2022లో విజయనగరం జిల్లా నుంచి విడిపోయినా, రవాణా విషయంలో ఆ ఊరికి ఈ రెండు జిల్లాలతో ఉన్న లంకె తెగలేదు. జవాబు, ఇదే సర్క్యూటుతో కుదరదు. లారీలు 24 వోల్టులవి. చార్జింగులో 28 దాటుతుంది. ఎస్ఎంబీజే24ఏ డయోడు 26.7 వోల్టుల నుంచే తెరుచుకోవచ్చు, అంటే ఇంజిన్ స్టార్ట్ కాగానే అది కరెంటు తాగుతూ కాలిపోతుంది, లేదా ఫ్యూజు పోతుంది. అక్కడ ఎస్ఎంబీజే33ఏ, దానికి తోడు 60 వోల్టులు తట్టుకునే ఎల్ఎం2576హెచ్‌వీ రెగ్యులేటరు కావాలి. భాష కూడా వేరు: జే1939, ఎక్కువగా 250 కిలోబిట్ల వేగం, 29 బిట్ల గుర్తింపులు. ఆర్పీఎం అక్కడ అడిగి తెచ్చుకునేది కాదు. ఈసీయూ దాన్ని 61444 అనే సందేశంలో తనంతట తానే పంపుతూ ఉంటుంది, నాలుగు, ఐదు బైట్లు తీసుకుని ఎనిమిదితో భాగిస్తే చాలు. లారీ రీడరుకు వినే మోడ్ ఒక్కటే సరిపోతుంది.